పదిన్నర నెలల పాప ఇంకా కూర్చోవడం లేదు, ఎక్కడ చూపించాలి?

బిట్రగుంట అమ్మ:

అందరికీ నమస్కారం. మాది బిట్రగుంట దగ్గర పల్లె. మా పాపకు పదిన్నర నెలలు నిండాయి, ఇంతవరకు దానంతట అది కూర్చోలేదు. మనం కూర్చోబెడితే చేతులు నేలకు ఆనించుకుని ముందుకు వంగి కాసేపు ఉంటుంది, తర్వాత ఎడమ పక్కకు ఒరిగిపోతుంది. పాకడం అసలు లేదు. నిలబెడదామని చంకల కింద పట్టుకుంటే కాళ్ళు సరిగా ఆనించదు.

నాకు బీపీ ఎక్కువై 34 వారాలకే ఆపరేషన్ చేసి తీశారు. బరువు కిలో 900 గ్రాములు. పుట్టగానే ఏడవలేదని చెప్పారు, 11 రోజులు బాక్సులో పెట్టారు, కామెర్లకి రెండు రోజులు లైటు కింద ఉంచారు. మెడ నిలిచింది ఐదో నెల చివర్లో. బోర్లా పడింది ఏడున్నర నెలలకి. ఆ రోజు మా అమ్మ బొబ్బట్లు చేసి వీధంతా పంచింది. అందరూ సంతోషపడుతుంటే నాకు మాత్రం, పక్కింటి పిల్లాడు నాలుగో నెలలోనే పడ్డాడు కదా అనే ఆలోచనే తిరుగుతూ ఉండింది.

మిగతావన్నీ బాగుంటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది, వాళ్ళ నాన్న బండి చప్పుడు వినపడితే గుమ్మం వైపు చూసి నవ్వుతుంది, తాత, అత్త అని అంటుంది. ఏదిచ్చినా కుడి చేత్తో గట్టిగా పట్టుకుంటుంది, అన్నీ కుడి చేత్తోనే. మా మామగారు అది చూసి పాపది చక్కగా కుడిచేతి వాటం అని మురిసిపోతుంటారు.

తొమ్మిదో నెల టీకాకి పోయినప్పుడు ఒక డాక్టరు గారిని అడిగాను. పాపను ఒళ్ళో నుంచి దించమని కూడా అనలేదు, నెలలు నిండని పిల్లలు ఇట్టాగే ఉంటారు, ఏడాది దాటాక రండి అని పంపేశారు. మా అత్తగారు ఏమో మీ ఆయన కూడా ఏడాదిన్నరకి గానీ నడవలేదు, నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావ్ అంటారు. నడుస్తుందని వాకర్ కొనుక్కొచ్చారు. పక్కింటి పెద్దామె తుమ్మలపెంట సముద్రం ఒడ్డున ఇసుకలో నడుం దాకా పూడ్చి నిలబెడితే కాళ్ళకు బలం వస్తుందని చెప్పింది, ఆదివారం వెళ్దామని కూడా అనుకుంటున్నారు. మా ఆయన రొయ్యల గుంటల మీద పని, రాత్రుళ్ళు అక్కడే ఉంటారు. పాప పక్కన పడుకుని నేనొక్కదాన్నే ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటాను, చదివే కొద్దీ భయం పెరుగుతోంది.

ఇంకా ఆగొచ్చా? చూపించాలంటే నెల్లూరు పోవాలా, ఒంగోలా, చెన్నై దాకా పోవాలా? పెద్దగా డబ్బు పెట్టుకునే పరిస్థితి లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిన్నోడి అమ్మ, టంగుటూరు:

చెల్లీ, ఏడాది దాకా ఆగొద్దు. ఈ వారమే వెళ్ళు. నేను ఆగాను కాబట్టి చెబుతున్నా.

మా చిన్నోడు కూడా నెలలు నిండకుండానే పుట్టాడు. ఎనిమిదో నెలలో అడిగితే నాకూ ఇదే మాట చెప్పారు. ఆ మాట వినడానికి హాయిగా ఉంటుంది కదా, అందుకే నమ్మేస్తాం. పదహారో నెల దాకా ఇవాళ కూర్చుంటాడు, రేపు కూర్చుంటాడు అనుకుంటూనే గడిపేశాం. తిరుపతి మొక్కు మొక్కాం, కాళ్ళకి రోజూ నువ్వుల నూనె రాసి గంటసేపు మర్దన చేశాం. చివరికి ఒంగోల్లో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ వాడి కాళ్ళు రెండుసార్లు వంచి చూసి, ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా అన్నారు. ఆ మాటకి బస్టాండ్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నా.

ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. కాలికి స్ప్లింట్, అదే కాలిని సరిగా నిలిపే పట్టీ, వేసుకుని నడుస్తాడు, అంగన్‌వాడీకి వెళ్తాడు, పాటలన్నీ వచ్చు. మొదటి అడుగులు మూడేళ్ళు నిండే ముందు పడ్డాయి, ఆ రోజే మా అత్తమ్మ పిండి కొట్టించి అరిసెలు వండింది. వాడు బాగానే ఉన్నాడు, ఆ ఎనిమిది నెలలు మాత్రం నాకు తిరిగి రావు. నీకు ఇంకా టైం ఉంది.

ఇసుకలో పూడ్చడం మాత్రం వద్దు తల్లీ. కాళ్ళు ఆనించని పిల్లని కదలకుండా నిలబెడితే బలం ఎక్కడి నుంచి వస్తుంది, బెదిరిపోతుంది అంతే.

ఫిజియో, నెల్లూరు:

నేను పిల్లలకే థెరపీ చేస్తాను. ఇక్కడ చదివి జబ్బు పేరు చెప్పడం సాధ్యం కాదు, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసినదాంట్లో రెండు విషయాలున్నాయి, ఒకటి మీరు అనుకున్నంత భయపడాల్సింది కాదు, రెండోది మీరు మామూలుగా రాసేశారు గానీ నాకు అదే ముఖ్యం.

మొదటిది వయసు. పాప 34 వారాలకి పుట్టింది, అంటే 6 వారాలు ముందు. ఇలాంటి పిల్లలకి రెండేళ్ళు వచ్చేవరకు ఆ ముందొచ్చిన వారాలు తీసేసి లెక్క చూస్తాం. పదిన్నర నెలలంటే సుమారు 46 వారాలు, అందులో 6 తీసేస్తే 40, అంటే మీ పాపని తొమ్మిది నెలల పాపగా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో మన దేశంతో కలిపి 5 దేశాల పిల్లల్ని చూసి ఇచ్చిన లెక్క ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల దాకా. చేతులు మోకాళ్ళ మీద పాకడం కొందరు పిల్లలు అసలు చేయనే చేయరు, నేరుగా లేచి నిలబడతారు. కాబట్టి కూర్చోవడం ఒక్కటే అయితే మీ పాప అంచున ఉంది, ఇంకా దాటిపోలేదు.

రెండోది ఆ కుడి చెయ్యి. ఏడాది లోపు పిల్లలకి చేతివాటం ఉండదండీ. రెండు చేతులూ సమానంగా వాడాలి. ఒక చెయ్యే వాడుతోందంటే ఆ చెయ్యి బాగుందని సంతోషించే ముందు రెండో చెయ్యి ఎందుకు రావడం లేదని చూడాలి. కూర్చోబెడితే ఎడమకే ఒరుగుతుందని కూడా మీరే రాశారు. పుట్టగానే ఏడవలేదన్నారు, నెలలు తక్కువ, అన్నీ కలిపి చూస్తే దీనికి ఏడాది దాకా ఆగడం అనే మాటే లేదు.

పాప హుషారుగా ఉన్నప్పుడు, నిద్రమత్తులో కాకుండా, ఇవి గమనించి రాయండి. ఎడమ గుప్పిట ఎక్కువసేపు మూసే ఉంటుందా, బొటనవేలు లోపలికి మడిచి ఉంటుందా? డైపర్ మార్చేటప్పుడు రెండు కాళ్ళూ ఒకేలా విడతీయగలుగుతున్నారా, ఎడమది బిగుసుకుంటోందా? బోర్లా పడేది రెండు పక్కలకా, ఒక పక్కకేనా? ఎడమ పక్క నుంచి బొమ్మ ఇస్తే ఏ చేత్తో అందుకుంటుంది? కుదిరితే ఫోన్‌లో రెండు మూడు నిమిషాల వీడియో తీసుకోండి. ఓపీలో పిల్లలు ఏడుస్తూ ఏదీ చేయరు, ఆ వీడియో డాక్టరుకి చాలా పనికొస్తుంది.

వాకర్‌ని అటక ఎక్కించండి, లేదంటే ఎవరికీ ఇవ్వకుండా పారేయండి. అందులో పిల్లలు మునివేళ్ళతో నేలని తన్నుకుంటూ పోతారు, నడుము బలం అవసరం లేదు, తమ కాళ్ళు తమకే కనపడవు, నడకకి కావలసింది ఒక్కటీ నేర్చుకోరు. పైగా గడపల దగ్గర, మెట్ల దగ్గర బోల్తా పడి తలకి దెబ్బలు. కెనడాలో 2004లోనే అమ్మకాలు నిషేధించారు. మన ఇళ్ళలో పాతకాలం నాటి మూడు చక్రాల చెక్క బండి వేరు, అది నిలబడడం వచ్చిన పిల్ల పట్టుకుని తోసుకుంటూ పోయేది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఎక్కడికి వెళ్ళాలంటే, చెన్నై ఇప్పుడే అక్కర్లేదు. మీ ఏఎన్‌ఎమ్‌ని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగితే ఆర్‌బీఎస్‌కే కింద రాసిస్తారు. పిల్లల్ని పరీక్షించి ఆసుపత్రికి పంపే ఈ ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకి, ఎదుగుదల ఆలస్యం కూడా అందులో ఒక విభాగమే. రాసివ్వకపోయినా ఆగకుండా నెల్లూరు పెద్దాసుపత్రి పిల్లల ఓపీకి నేరుగా వెళ్ళండి. నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వానిది సీఆర్‌సీ అని వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఒక కేంద్రం ఉంది, సికింద్రాబాద్ ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడుస్తుంది, థెరపీకి అక్కడా అడగండి. బాక్సులో పెట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం తప్పకుండా తీసుకెళ్ళండి, అది లేకుండా చాలామంది వస్తారు, మళ్ళీ అంత దూరం తిరగాల్సి వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. స్కాన్ అయ్యాకే, జబ్బు పేరు తేలాకే థెరపీ మొదలవ్వాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వెనకబడిందని తెలిస్తే చాలు, ఆ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. మెదడు వేగంగా ఎదిగేది ఈ మొదటి రెండేళ్ళే.

ఉదయగిరి నాన్న:

అందరూ కలిసి ఆ అమ్మాయిని ఎక్కువ భయపెడుతున్నారేమో అనిపించింది. మా అబ్బాయి పాకనే లేదు, కూర్చునే జరుగుతూ ఇల్లంతా తిరిగాడు, 17వ నెల చివర్లో నడిచాడు. ఇప్పుడు రెండో తరగతి, క్రికెట్ ఆడుతూ ఇంటికి రాడు. మా నాన్న కూడా అంతేనంట. కొంతమంది పిల్లలు నిదానం, అంతే. పెద్దవాళ్ళు చెప్పేది కూడా పూర్తిగా తీసిపారేయకూడదు కదా.

ఫిజియో, నెల్లూరు:

మీరన్నది నిజమే సార్, మీ అబ్బాయిలాంటి పిల్లలు ఉంటారు. కూర్చుని జరిగే పిల్లలు నడకకి ఆలస్యం చేస్తారు, అది చాలాసార్లు ఇంట్లో తండ్రికో తాతకో ఉండే ఉంటుంది. కానీ మీ అబ్బాయి రెండు చేతులూ వాడాడు, గట్టిగా కూర్చున్నాడు, కూర్చునే ఇల్లంతా తిరిగాడు. ఆ పాప విషయంలో వయసు కన్నా రెండు పక్కలకీ ఉన్న తేడానే నన్ను ఆలోచింపజేసింది. నిదానంగా ఎదిగే పిల్ల రెండు పక్కలా సమానంగానే నిదానంగా ఉంటుంది.

చూపించాక ఏమీ లేదని తేలితే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. అంతకన్నా నష్టం లేదు.

బిట్రగుంట అమ్మ:

అన్నా, మీరు రాసింది నిన్న రాత్రి చదివాను. పొద్దున లేవగానే చూశాను. ఎడమ గుప్పిట మూసే ఉంది. అసలు నాకు ఇది తెలియని విషయం కాదు. రోజూ నీళ్ళు పోసేటప్పుడు ఆ గుప్పిట విప్పి వేళ్ళ మధ్య చేరిన నూగు తుడుస్తాను, కుడి చేతికి ఎప్పుడూ అలా తుడవాల్సిన పని రాలేదు. తొమ్మిది నెలలుగా నా చేతులతో నేనే చేస్తూ, అదేంటని ఒక్కసారి కూడా అనుకోలేదు. బొమ్మ ఎడమ పక్క నుంచి ఇస్తే ఒళ్ళంతా తిప్పి కుడి చేత్తోనే అందుకుంది. బోర్లా పడేది కూడా ఒక పక్కకే.

మా అత్తగారికి చూపించాను. ఏమీ మాట్లాడలేదు, వాకర్ తీసుకెళ్ళి బయట వసారాలో పెట్టేశారు.

సోమవారం వెళ్తున్నాం. ఈలోపు ఇంట్లో ఏమైనా చేయొచ్చా? మా తోడికోడలు కుడి చేతికి గుడ్డ కట్టేస్తే ఎడమ చెయ్యి అదే వస్తుందని చెబుతోంది.

అంగన్‌వాడీ టీచర్, కొండపి వైపు:

అమ్మా, ముందు నువ్వు నిన్ను తిట్టుకోవడం ఆపు. నీళ్ళు పోసే తల్లికి కాక ఇంకెవరికి కనపడుతుంది ఇది, నీకు కనపడింది కాబట్టే సోమవారం వెళ్తున్నావు.

తల్లీబిడ్డ కార్డు తీసుకెళ్ళు. ఏ నెలలో ఏం రావాలో అందులో బొమ్మలతో ఉంటుంది, టీకాల పేజీ తప్ప ఎవరూ తిప్పి చూడరు, నాకు అదే బాధ. మా సెంటర్‌కి ఆర్‌బీఎస్‌కే వాళ్ళు ఏడాదికి రెండుసార్లు వస్తారు, ఆ రోజే పిల్లల్ని తీసుకురారు కొందరు, అరిష్టం అన్నట్టు దాచుకుంటారు. ఒక తల్లిని నాలుగుసార్లు ఇంటికెళ్ళి బతిమాలి తీసుకొచ్చా.

ఒకటి అడుగుతా. ఐరన్ చుక్కలు, డి విటమిన్ చుక్కలు వేస్తున్నావా? బరువు తక్కువ పిల్లలకి ఐరన్ తప్పనిసరిగా రాస్తారు, మలం నల్లగా వస్తోందని మనవాళ్ళు మానేస్తారు. మానొద్దు, ఆ నలుపు ఐరన్‌దే. రక్తం తక్కువైనా, డి విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా పిల్లలు నీరసంగా మెత్తగా ఉంటారు. తల్లి గుడ్డు, పాలు, చేప ఏదీ సరిగా తినకపోతే పాలు తాగే బిడ్డకి బీ12 తక్కువై, వచ్చిన పనులు కూడా మర్చిపోతారు. ఇవన్నీ మందుతో సర్దుకునేవి, డాక్టర్ని అడుగు.

ఇంకో మాట, మీ అత్తగారిని వెంట తీసుకెళ్ళు. డాక్టరు చెప్పేది ఆమె చెవులతో ఆమె వినాలి. మళ్ళీ ఇంటికొచ్చి నువ్వు చెబితే వేరేగా ఉంటుంది.

ఫిజియో, నెల్లూరు:

చెయ్యి కట్టొద్దు. మంచి చేతిని కొంతసేపు ఆపి రెండోదాన్ని పని చేయించే పద్ధతి థెరపీలో ఉంది నిజమే, కానీ అది ఎంతసేపు, ఏ ఆటతో అనేది లెక్క ప్రకారం థెరపిస్టు చెప్పి చేయించాలి. ఇంట్లో గుడ్డ కట్టేస్తే పిల్లకి కోపం వస్తుంది, ఆడటమే మానేస్తుంది.

ఈలోపు ఇవి చేయండి, వీటితో ప్రమాదం లేదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద బొంత పరిచి బోర్లా వేయండి, పాలు తాగిన వెంటనే కాదు. ఛాతీ కింద దుప్పటి చుట్ట పెడితే రెండు చేతులూ ముందుకొస్తాయి. మొదట రెండు నిమిషాలే ఉన్నా పరవాలేదు, రోజుకి ఏడెనిమిది సార్లు. మీరు కాళ్ళు చాపి కూర్చుని వాటి మధ్య పాపని కూర్చోబెట్టుకోండి, నడుము దగ్గర పట్టుకోండి, చంకల దగ్గర కాదు. బొమ్మ ఎదురుగా మధ్యలో పెట్టండి, ఒక చేత్తో పట్టుకోలేని పెద్ద బంతో, స్టీలు గిన్నో ఇస్తే రెండో చెయ్యి తోడు రావాల్సి వస్తుంది. కుడి మణికట్టుకి వదులుగా రబ్బరు గాజు తొడగండి. దాన్ని తీసుకోవాలంటే ఎడమ చెయ్యి రావాల్సిందే. ఎడమ గుప్పిటని లాగి విప్పకండి, చేతి వెనకవైపు మెల్లగా నిమిరితే అదే విచ్చుకుంటుంది. మర్దన మానక్కర్లేదు, పిల్లకి సుఖంగా ఉంటుంది, కానీ దానితో కండ బలపడదు, పాప తనంతట తాను చేసిన పనితోనే బలపడుతుంది.

ఇది మాత్రం గుర్తుంచుకోండి. నిద్ర లేచిన వెంటనే గానీ నిద్రలోకి జారేటప్పుడు గానీ, నమస్కారం పెట్టినట్టు తల ముందుకు వంగి చేతులు ఎగరేస్తూ జెర్కులు వరసగా వస్తే, లేదా వచ్చిన నవ్వూ మాటా తగ్గిపోతే, అది సోమవారం దాకా ఆగేది కాదు, వీడియో తీసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

బిట్రగుంట అమ్మ (మూడు వారాల తర్వాత):

ముందే రాయాల్సింది, క్షమించండి. వారానికి రెండుసార్లు నెల్లూరు పోయి రావడంతోనే సరిపోతోంది. పొద్దున రైలుకి నేనూ మా అత్తగారూ వెళ్తాం, ఎక్కితే పాప కిటికీ దగ్గరే.

డాక్టరు గారు పాపను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు చూశారు. వీడియోలు రెండుసార్లు చూశారు. ఎడమ చెయ్యీ కాలూ కొంచెం బిగుతుగా ఉన్నాయని, పుట్టినప్పుడు మెదడుకి ప్రాణవాయువు తగ్గి ఉండొచ్చని, ఎమ్మారై తీస్తే గానీ ఖాయంగా చెప్పలేనని అన్నారు. రక్తపరీక్షలో ఐరన్ తక్కువ వచ్చింది. టీచరమ్మా, మీరు అడిగినట్టే ఆరో నెలలో చుక్కలు మానేశాను నేను. థైరాయిడ్ బాగానే ఉంది. చెవులు, కళ్ళు కూడా పరీక్ష చేయించమని రాశారు. థెరపీ ఆ రోజే మొదలుపెట్టారు.

మా మామగారు ఇప్పుడు కుడిచేతి వాటం మాట ఎత్తడం లేదు. సాయంత్రం పాప ఎడమ పక్కన కూర్చుని గిలక ఆడిస్తుంటారు, అటు తిరిగి అందుకునే దాకా.

కూర్చోవడం కొంచెం మెరుగు, చేతులు ఆనించకుండా పదీ పదిహేను అంకెలు లెక్కపెట్టే దాకా ఉంటోంది. రబ్బరు గాజు నోటితో లాగేస్తోంది. ఎడమ చెయ్యి గాజు దాకా వస్తుంది, దాన్ని తాకి అక్కడే ఆగిపోతుంది. మొన్నటిదాకా అంత దూరం కూడా వచ్చేది కాదు.

వచ్చే గురువారం ఎమ్మారై. కదలకుండా ఉండాలని మత్తు ఇస్తారట. పాలు ఎప్పుడు ఆపాలి అక్కా, ఆకలికి ఆగదు ఇది.

చిన్నోడి అమ్మ, టంగుటూరు:

మా చిన్నోడికి తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బా పాలు, ఉగ్గు, అన్నం 6 గంటల ముందు ఆపమన్నారు. మత్తు డాక్టరు నీకు చెప్పిన టైమే పాటించు, ముందు రోజే అడిగి కాగితం మీద రాయించుకో. పొద్దున మొదటి నంబర్ ఇమ్మని అడుగు, పసిపిల్ల అంటే ఇస్తారు. తెల్లవారుజామున లేపి కడుపునిండా పట్టేసి బయలుదేరండి. దోవలో నువ్వు ఎత్తుకోకు, పాలవాసనకి ఏడుస్తుంది, మీ అత్తగారి భుజాన వేయి. లేచాక తాగడానికి వెంటనే ఇవ్వొద్దు, వాళ్ళు సరేనన్నాకే. ఒక పాత చీర తీసుకెళ్ళు, అక్కడ ఏసీకి వణికిపోతారు పిల్లలు.

గురువారం సాయంత్రం ఒక్క మాట రాయి, చూస్తూ ఉంటా.